పాకరచయిత - కానరాని చదువరి

పాకమును గూర్చి వ్రాయుట మన భాషలకు క్రొత్త కాదు. క్రొత్తవాడు చదువరి. నిన్నటి రచయిత తన చదువరిని కొంతవరకైనను ఎరుగును. అతడు ఏ సీమవాడో, ఏ బియ్యము తినునో, ఏ పొయ్యిమీద వండుకొనునో ఊహించుకొనగలడు. నేడు ప్రత్తిపాడులో కూర్చుండి గోంగూర పచ్చడిని గూర్చి పది వాక్యములు వ్రాసి ఇంటర్నెట్టులో ఉంచిన యువతికి చదువరి గుంటూరులో ఉండవచ్చును, దుబాయిలో ఉండవచ్చును, డల్లాసులోనైనను ఉండవచ్చును. ఈ కానరాని చదువరిని సంపాదించుట ఎట్లు, సంపాదించిన పిమ్మట నిలుపుకొనుట ఎట్లు అను విషయమును ఈ వ్యాసమున పరిశీలింపదలచితిని. సెల్‌ఫోను చేతబట్టి ఇంటి వంటను లోకమునకు చూపవలెనను ఉత్సాహము మన విద్యార్థినీ విద్యార్థులలో పలువురకు కలదు కావున ఇది కేవలము ఊహావిషయము కాదు.

పూర్వము వంటను గూర్చిన గ్రంథము ప్రభువుల ముంగిట పుట్టినది. మాళవదేశమును మాండూ కోటనుండి ఏలిన ఖిల్జీ సుల్తానుల కాలమున, క్రీ.శ. 1500 ప్రాంతమున, ‘నిఅమత్‌నామా’ యను వంటల గ్రంథము సిద్ధమైనది. సమోసాలు, షర్బత్తులు, సుగంధద్రవ్యములు ఇందు వర్ణింపబడినవి. చక్కని చిత్రములును కలవు. ఆ ప్రతి నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రముగా నున్నది. ఐతే ఆ గ్రంథమునకు ముఖ్యమైన చదువరి యొక్కడే - సుల్తాను. ఆయన మెచ్చిన చాలును. మన రాయలవారు ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు ఋతువునకు తగినట్లు అతిథులకు పెట్టిన భోజనములను వర్ణించిరి. అది కావ్యము, చదివి వండుకొనుటకు వ్రాసినది కాదు. శ్రీనాథుని పేర ప్రచారములోనున్న పలనాటి చాటువుల సంగతి వేరు. అక్కడి జొన్నకూటిని, నీటి ఎద్దడిని ఆక్షేపించిన ఆ పద్యములను నేటికిని నవ్వుచు చెప్పుకొనువారు పలనాటివారే. తమ ఊరి కూటిని ఉన్నదున్నట్లు చెప్పినవానిని, ఎత్తిపొడిచినను, ఊరివారు మరువరు. (ఇచట ఒక ముచ్చట. ఆ శ్రీనాథునికి మిరపకాయ తెలియదు. అది అమెరికా ఖండపు పంట. పోర్చుగీసువారి ఓడల రాకతో, ఆయన కాలమునకు తరువాతనే, మన దేశమున అడుగుపెట్టినది. మనము గర్వించు గుంటూరు కారము వయస్సు ఐదువందల ఏండ్లకు మించదు.)

పత్రికలు వచ్చిన పిమ్మట చదువరి ఒక్కడు కాక వేలమంది యైరి. ఉర్దూలో ఇందుకు మంచి తార్కాణము అబ్దుల్ హలీమ్ షరర్ (1860-1926). ఆయన తాను నడిపిన ‘దిల్‌గుదాజ్’ పత్రికలో 1913 నుండి లక్నో నగరపు గత వైభవమును వరుస వ్యాసములుగా వ్రాసెను. అందు రకాబుదార్లు, పులావులు, రొట్టెలు, దస్తర్‌ఖానుపై పాటింపవలసిన మర్యాదలు కానవచ్చును. ఆ వ్యాసములే పిదప ‘గుజిష్తా లఖ్‌నవూ’ పేర గ్రంథమైనవి. షరర్ కొలతలు చెప్పలేదు. వండినవారిని గూర్చి చెప్పెను. పులావు వండుట నేర్చుకొనుటకు కాక, ఆ పులావు వండిన మనుష్యులను చూచుటకు చదువరి వచ్చు సంచికకై ఎదురుచూచును.

తెలుగున ఈ విషయమున మొదట స్మరింపదగినవారు శ్రీమతి మాలతీ చందూర్. నూజివీడులో జన్మించి మదరాసులో స్థిరపడిన ఈమె నవలారచయిత్రి; ‘హృదయనేత్రి’ నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము పొందిరి. ఐనను ఇంటింట ఆమె పేరు నిలిపినది ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో దశాబ్దముల తరబడి నిర్వహించిన ‘ప్రమదావనం’ శీర్షిక. పాఠకురాలు జాబు వ్రాయును, ఆమె జవాబు చెప్పును. వంటయే కాదు, చదువు, కాపురము, ఆరోగ్యము - దేనిని గూర్చియైనను అడుగవచ్చును. ఆమె ‘వంటలు - పిండివంటలు’ పుస్తకము పెక్కు ముద్రణలు పొందుటకు కారణము అందలి వంటలు మాత్రమే అని నేననుకొనను. పిండి ఎందుకు విరిగినది, పాకము ఎందుకు ముదిరినది అని అడుగగల చనువు చదువరులకు ఆమెవద్ద ముందే ఏర్పడియుండెను. ప్రచారము చేసి చదువరులను పోగుచేయుట వేరు, జవాబు చెప్పి పోగుచేయుట వేరు. 2013లో ఆమె మరణించునాటికి ఇంటర్నెట్టు మన పల్లెలను తాకుచుండెను. ఆ సాధనము ఆమెకు యౌవనమున దొరకియున్నచో ఆమె క్రొత్తగా నేర్చుకొనవలసినది ఎక్కువ ఉండెడిది కాదు.

సాధనము మనకు ఆలస్యముగా అందినది. కంప్యూటరు లిపుల ప్రపంచ ప్రమాణమైన యూనికోడులో తెలుగునకు 1991లోనే స్థానము దొరకినను, సామాన్యుని కంప్యూటరులో తెలుగు సరిగా కనబడుట 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చిన పిమ్మటనే. కావున మొదట మన వంటలను ఇంటర్నెట్టులో వ్రాసిన తెలుగువారిలో పెక్కుమంది ఆంగ్లమున వ్రాసిరి. నంద్యాల రుచులను ‘మహానంది’ యను పేర వ్రాసిన ఒక రచయిత్రి 2006లో ‘జిహ్వ’ యను చక్కని ఏర్పాటు చేసిరి. నెలకొక దినుసును నిర్ణయించి, దానితో ఎవరికి తోచిన వంట వారు వండి వ్రాయవలెనని పిలిచిరి. చదువరులే రచయితలైరి. తెలుగులో వ్రాసినవారికి గూగుల్ సంస్థ ప్రకటనల ద్వారా ఆదాయము వచ్చు మార్గము 2018లో గాని తెరువబడలేదు. అంతవరకు తెలుగు పాకరచన ఇష్టముకొలది చేసిన పనియే గాని వృత్తి కాదు. 2016 సెప్టెంబరులో జియో రాకతో ఫోనులో బొమ్మ చూచుట చౌకయైనది. అంతతో వ్రాత వెనుకబడి వీడియో ముందునకు వచ్చినది.

సరిగా ఆ కాలముననే మన ప్రాంతమునుండి ఒక వృద్ధురాలు ప్రపంచమునకు తెలిసినది. ఆమె మస్తానమ్మ. ఊరు తెనాలి సమీపమునగల గుడివాడ. కృష్ణాజిల్లాలోని పట్టణము కాదు, ఇది చిన్న పల్లె. మస్తాన్ అను పేరు గుంటూరు సీమలో హిందువుల ఇండ్లలోను, ముసల్మానుల ఇండ్లలోను వినబడును. ఆమె పేరే ఈ నేల స్వభావమును చెప్పును. ఆమె బంధువైన యువకుడు, అతని మిత్రుడు కలిసి 2016లో ‘కంట్రీ ఫుడ్స్’ అను పేర యూట్యూబులో ఆమె వంటలను చూపసాగిరి. నూరేండ్లు దాటిన మనిషి. పొలములో మూడు రాళ్ళ పొయ్యి, కట్టెల మంట, సత్తు గిన్నె. అల్లము పొట్టును గోటితో తీయును. పుచ్చకాయ డొల్లలో కోడికూర వండినది. ఈమూ పక్షి గ్రుడ్డుతో అట్టు వేసినది. 2018 డిసెంబరులో ఆమె మరణించునాటికి ఆమెకు నూట ఏడేండ్లని తనవారు చెప్పిరి. అప్పటికి చందాదారుల సంఖ్య పదిలక్షలు దాటినది. విదేశముల పత్రికలు సైతము ఆమె మరణవార్తను ప్రకటించినవి.

ఆమె ఏమి చేసినందున ఇంతమంది వచ్చిరి? పుచ్చకాయలో కోడికూర వింతయే. వింత చూచుటకు జనము ఒకసారి వత్తురు. రెండవసారి వచ్చుటకు వేరొక కారణము ఉండవలెను. ఆమె కెమెరా కొరకు భాష మార్చుకొనలేదు. గుంటూరు పల్లె తెలుగే మాటలాడినది. అర్థము క్రింద ఆంగ్లమున వేసిరి. పరాయిదేశపువాడు ఆమె మాట తెలియకయే ఆమె చేతిని నమ్మెను. వండినది పిల్లలకు పెట్టి, వారు తినుచుండగా చూచుట ఆ వీడియోలలో తరచు కానవచ్చు దృశ్యము. తెలంగాణమున ‘గ్రాండ్‌పా కిచెన్’ నారాయణరెడ్డిగారు (మరణము 2019), హైదరాబాదులో ‘నవాబ్స్ కిచెన్’ ఖాజా మొయినుద్దీన్‌గారు పెద్ద గంగాళములలో వండి అనాథబాలలకు పంచి లక్షలాది ప్రేక్షకులను పొందుటలోను ఇదే కానవచ్చును. వంట చూచువాడు, అది ఎవరు తినిరో కూడ చూడగోరును. దావతునకు పిలిచి వంటను దూరమునుండి చూపి పంపివేయువారి ఇంటికి మరల ఎవరు పోదురు?

ఐనను ఇచట ఒక చిక్కు కలదు. పాకరచన చేయదలచువారు దీనిని గమనింపవలెను. మస్తానమ్మ వంట చూచితిమి. ఆమె వంట మనకు వ్రాతలో లేదు. ఉప్పు ఎంత? చేతికి వచ్చినంత. నీరు ఎంత? ముక్క మునుగునంత. ఆమెకు అది చాలును, ఎనుబది తొంబది ఏండ్ల అలవాటు ఆమె చేతిలో కలదు. చూచువాని చేతిలో ఆ అలవాటు లేదు. ఆ చేతి కొలతను ఇతరులకు పనికివచ్చు కొలతగా మార్చు పని చేయువాడే పాకరచయిత. వీడియోలు ఎన్ని వచ్చినను ఆ పని మిగిలియే యున్నది. మన మైదానమున ఆ పని ఇంచుమించు ఆరంభమే కాలేదు. వండగలవారు ఏటికేడు తరిగిపోవుచున్నారు.

మొదటి కష్టము పేర్లతోనే వచ్చును. గోంగూరను తీసికొందము. ప్రత్తిపాడులో తెలుగువారి ఇంట అది గోంగూర. దక్కనీ ఉర్దూ మాటలాడు ఇంట అదే ఆకు అంబాడా. ఒక ఇంట గోంగూర మాంసము, ప్రక్క ఇంట అంబాడా గోష్త్. మహారాష్ట్రమున అంబాడీ. బర్మాలో చిన్‌బౌంగ్ అను పేర ఇదే ఆకును వేయించి తినుదురు. ఆంగ్లమున కొందరు ‘సారెల్’ అని వ్రాయుచున్నారు. ఐరోపావారి సారెల్ వేరొక మొక్క, గోంగూర మందారజాతికి చెందినది. ఇప్పుడు ఆలోచింపుడు. ఇంటర్నెట్టులో చదువరి మనలను ఎట్లు చేరును? ఒక మాట టైపు చేసి వెదకును. అంబాడా అని వెదకువానికి గోంగూర అని మాత్రమే వ్రాసిన రచన దొరకదు. సారెల్ అని మాత్రమే వ్రాసినచో ఐరోపా ఆకు తెచ్చి వండి, పులుపు సరిపడక రచయితను నిందించును. రెండు భాషల నడుమ పెరిగిన మన విద్యార్థులకు ఈ విషయమున ఉన్న సౌలభ్యము హైదరాబాదు, బెంగుళూరులలో కూర్చుండి వ్రాయు పెద్ద రచయితలకు సైతము లేదు. అమ్మ ఒక పేరు చెప్పును, పొరుగింటి ఖాలా మరొక పేరు చెప్పును. రెండును వ్రాసినవానికి రెండు లోకముల చదువరులు దొరకుదురు. ఎర్ర కాడ గోంగూరకు, తెల్ల గోంగూరకు పులుపులో భేదమున్నదని కూడ వ్రాయుట మరువరాదు. చింతపండు ఎంత వేయవలెనన్నది దానిపై ఆధారపడును.

రెండవది కారము. ‘రెండు చెంచాల కారము’ అని గుంటూరు రచయిత వ్రాసినచో ఆమె మనస్సులో ఉన్నది సన్నమిరప. దాని ఘాటును స్కోవిల్ అను ప్రమాణమున సుమారు 35 వేలు మొదలు 40 వేలవరకు చెప్పుదురు. తేజ రకమైనచో ఇంకను ఎక్కువ. కాశ్మీరు మిరపలో రంగు మెండు, ఘాటు స్వల్పము. అమెరికా దుకాణములలో ‘చిలీ పౌడర్’ అను పేర అమ్మునది పెక్కు సందర్భములలో మిరపపొడియే కాదు. జీలకర్ర, వెల్లుల్లి, ఎండిన ఆకులు కలిపిన మిశ్రమము. అదే వాక్యము చదివి ఒకడు కంట నీరు పెట్టుకొనును, ఒకడు చప్పగా ఉన్నదనును, మూడవవాడు పచ్చడిలో పరాయి వాసన వచ్చినదనును. ముగ్గురును రచయిత వ్రాసినట్లే చేసిరి! కావున ఏ మిరప, ఎట్లు ఎండినది, తొడిమతో దంచినదా తీసి దంచినదా అనునది వ్రాయనివాడు గుంటూరు పేరు చెప్పుకొనుటకు తగడు. మిర్చియార్డు మన పొరుగున ఉండగా, లాం పరిశోధనాక్షేత్రము వంగడముల వివరములు అడిగిన చెప్పుచుండగా, ఈ సంగతి తెలిసికొనుటకు మనకంటె అనుకూలమైన చోటు ఎవరికున్నది?

ఉప్పు విషయము ఇంకను ముఖ్యము. పచ్చడి నిలువయుండుట ఉప్పుపై ఆధారపడును. ‘కప్పు ఉప్పు’ అని వ్రాసినచో, కల్లుప్పు కప్పునకు మెత్తని ఉప్పు కప్పునకు బరువులో చాల భేదము కలదు. మెత్తనిది అదే కప్పులో ఎక్కువ పట్టును. కల్లుప్పు కొలత మనస్సున ఉంచుకొని కప్పు అని వ్రాసినచో, మెత్తని ఉప్పు వాడిన చదువరి పచ్చడి ఉప్పుకషాయమగును. మెత్తని ఉప్పు లెక్కన వ్రాసినచో, కల్లుప్పు వాడినవాని జాడీ బూజు పట్టును. ఏడాదికి సరిపడు సరుకు పాడైన ఇల్లాలు మరల ఆ రచయిత ముఖము చూడదు. చూడకుండుటయే న్యాయము. నిలువ పచ్చళ్ళ విషయమున గిద్దెలు, సోలలు, కప్పులు విడిచి తూకమునే వ్రాయవలెనని నా నిశ్చితాభిప్రాయము. కూరలకు, చారునకు చేతి కొలత చెప్పినను బాధలేదు.

ఇక ఆదాయము. ఇందు భ్రమలు మెండు. యూట్యూబులో 2017 ఏప్రిలున పెట్టిన నియమము ప్రకారము మొత్తముమీద పదివేల వీక్షణములున్నచో ప్రకటనల ఆదాయమునకు అర్హత వచ్చెడిది. 2018 ఫిబ్రవరిలో ఆ నియమము మారి, వేయిమంది చందాదారులు, పండ్రెండు నెలలలో నాలుగువేల గంటల వీక్షణము కావలెననిరి. పదివేల వీక్షణములతో అర్హత పొందిన చిన్న చిన్న ఛానళ్ళు పెక్కు ఒక్కసారిగా దానిని కోల్పోయినవి. 2020 జూన్ 29న మన ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు అందు లక్షలమంది ప్రేక్షకులున్నవారు తెల్లవారుసరికి ఎవరును లేనివారైరి. వారి కళ తగ్గలేదు, వంట చెడలేదు. చదువరుల పట్టిక తమచేత లేదు, అంతే. కౌలుభూమిలో పంట వేసిన రైతునకు ఈ బాధ సులభముగా తెలియును. వీడియో ఎచట ఉంచినను, తన రచనను మెచ్చి జాబు వ్రాసినవారి పేర్లు, ఈమెయిలు చిరునామాలు వారి అనుమతితో తనవద్ద ఒక పుస్తకమున ఉంచుకొనువాడు బుద్ధిమంతుడు. మూడువందలమంది ఉన్నను చాలును. రేపు ఒక చిన్న పుస్తకము అచ్చువేసినచో మొదట కొనువారు ఆ మూడువందలమందియే.

కొందరు తొందరపడి ఇతరుల రచనను తీసికొని తమ పేర ఉంచుచున్నారు. చట్టము దృష్టిలో పప్పు, ఉప్పు, చింతపండు జాబితాకు సొంతదారుడు లేడు. దానిని చెప్పిన వాక్యములకు, తీసిన ఛాయాచిత్రమునకు, వీడియోకు ఉన్నాడు. చట్టము మాట అట్లుండ, వంట నేర్పిన మనిషి పేరు చెప్పకపోవుట అంతకంటె పెద్ద తప్పు. ఫలానావారి అమ్మమ్మ చేయు విధానమని ఆమె అంగీకారముతో వ్రాసినచో రచన విలువ పెరుగునే గాని తరుగదు. ధనము పుచ్చుకొని ఏదైన నూనెనో మసాలానో మెచ్చుకొనువారు ఆ సంగతిని స్పష్టముగా ప్రకటింపవలెనని 2021లో భారత ప్రకటనల ప్రమాణ మండలి నియమము చేసినది. నియమము లేకున్నను చేయవలసిన పనియే. చదువరి ఒకసారి అనుమానించిన నాలుకను మరల నమ్మడు.

వ్రాయదలచిన విద్యార్థి ఎచట ఆరంభింపవలెను? బిర్యానితో కాదు; దానిని వ్రాసినవారు ఇప్పటికే లెక్కకు మించి ఉన్నారు. మన మైదానమున జనవరి మొదలు పండుమిరప కోతకు వచ్చును. ఆ దినములలో ఇంటింట కొరివికారము పట్టుదురు. ఒక పెద్దామె ప్రక్కన కూర్చుండి ఆమె చేయునది పూర్తిగా వ్రాసికొనవలెను. ఆమె పిడికిట ఉప్పు తీసినప్పుడు ఆ చేతిక్రింద త్రాసు పళ్ళెము పెట్టవలెను. కిలో పండ్లకు పావుకిలో ఉప్పు, పావుకిలో చింతపండు అని సాధారణముగా చెప్పుదురు. ఆమె చేయి ఏమి చెప్పునో చూడవలెను. పండ్లు కడిగినదా, తడిగుడ్డతో తుడిచినదా. తొడిమ ఎప్పుడు తీసినది, కడుగుటకు ముందా తరువాతనా. ఎంతసేపు నీడన ఆరబెట్టినది. రోటిలో దంచినదా, మిక్సీలో వేసినదా. జాడీలో పెట్టిన ఎన్నవనాడు తిరుగదీసినది. మెంతిపొడి అప్పుడే కలిపినదా, తాలింపునాడా. ప్రక్క వీధిలో మరొక ఇంటికి పోయి ఇవే ప్రశ్నలు మరల అడుగవలెను. జవాబులు కలియవు. కలియనిచోట ఎందుకు కలియవో ఆ ఇద్దరినీ అడిగి వ్రాయవలెను. ఆ పిమ్మట ఆ వ్రాతను వంట రాని ఒక స్నేహితుని చేతికిచ్చి, ప్రక్కన నిలుచుండి నోరు మెదపక, అతనిచేత కిలో కాదు, పావుకిలో పండ్లతో చేయించి చూడవలెను. అతడు ఆగి తల ఎత్తి చూచిన ప్రతిచోటను ఒక వాక్యము తక్కువైనదన్నమాట.